గట్టు దాటే చౌడు: ఊరు కలిస్తేనే బాగుపడే భూములు

హర్యానాలోని కర్నాల్ దగ్గర మునక్ అనే గ్రామం ఉంది. పశ్చిమ యమునా కాలువ నీరు పారడం మొదలయ్యాక తమ పొలాల మీద తెల్లని ఉప్పు పేరుకుంటోందని, పంట చేతికి రావడం లేదని ఆ ఊరివారు 1855లో బ్రిటిష్ అధికారులకు మొరపెట్టుకున్నారు. కాలువ సాగు వల్ల చౌడు పెరగడం గురించి మన దేశంలో నమోదైన తొలి ఫిర్యాదుగా నేల శాస్త్రజ్ఞులు దీన్నే చెబుతారు. 1870లలో అలీగఢ్ ప్రాంతంలోనూ ఇదే గోడు వినిపించడంతో ప్రభుత్వం ‘రేహ్ కమిటీ’ని వేసింది. నేల మీద పూసే ఉప్పును ఉత్తరాదిన రేహ్ అంటారు. చౌడు భూముల మీద పరిశోధనకే ప్రత్యేకంగా ఒక కేంద్ర సంస్థ ఏర్పడడానికి మాత్రం 1969 దాకా ఆగవలసి వచ్చింది. అది చివరికి స్థిరపడింది కూడా కర్నాల్‌లోనే.

ఈ శతాబ్దంపైన కాలంలో చౌడు ఎందుకు వస్తుందో, ఎలా పోతుందో శాస్త్రం చాలావరకు తేల్చేసింది. అయినా జాతీయ స్థాయిలో వేసిన అంచనా ప్రకారం దేశంలో ఇంకా 67 లక్షల హెక్టార్లకు పైగా చౌడు భూములున్నాయి. ఒక్క గుజరాత్‌లోనే 22 లక్షల హెక్టార్లు, ఉత్తరప్రదేశ్‌లో 13 లక్షలకు పైగా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 2.74 లక్షల హెక్టార్లు, అంటే సుమారు 6.8 లక్షల ఎకరాలు. విరుగుడు తెలిసిన జబ్బు ఇంత కాలం ఎందుకు మిగిలిందనేది తీవ్రంగా పట్టించుకోవలసిన ప్రశ్న. జిప్సం కొరతో, విత్తనాల కొరతో అందుకు అసలు కారణం కాదు. నీరు లోపలికి తెచ్చుకోవడానికి రైతులంతా కలుస్తారు, బయటికి పంపడానికి కలవరు. చౌడు బాగుచేత గెలిచిన చోట్లనూ ఓడిన చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కువగా ఇక్కడే కనబడుతుంది.

రెండు రకాల చౌడు

పల్లెల్లో తెల్ల చౌడు, కారు చౌడు అని రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఈ తేడా ప్రయోగశాలలో కూడా నిలుస్తుంది. తెల్ల చౌడులో కరిగే ఉప్పులు ఎక్కువ. వేసవిలో నేల మీద తెల్లని పొరగా పూస్తాయి. మట్టి మాత్రం గుల్లగానే ఉంటుంది, నీరు ఇంకుతుంది. ఉప్పు ఎంతుందో చెప్పే కొలత మట్టి రసం విద్యుత్ వాహకత. అది మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఆ నేలను ఈ కోవలో చేరుస్తారు. కారు చౌడు కథ వేరు. అక్కడ మట్టి రేణువులను సోడియం పట్టుకుని ఉంటుంది. తడిస్తే రేణువులు విడిపోయి జిగురు ముద్దగా మారతాయి, ఆరితే రాయిలా గట్టిపడతాయి. వాన కురిస్తే నీరు రోజుల తరబడి పైనే మురికిగా నిలుస్తుంది తప్ప ఇంకదు. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటుతుంది, కొన్ని చోట్ల 10 కూడా దాటుతుంది.

కారు చౌడుకు మందు జిప్సం. జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియం స్థానంలోకి చేరుతుంది. విడిపోయిన సోడియం సల్ఫేటుగా మారి నీటిలో కరుగుతుంది. ఆ నీరు వేళ్ల కిందికి దిగిపోవాలి, లేదా పొలం దాటి పోవాలి. తెల్ల చౌడుకు జిప్సం అక్కరలేదు, మంచి నీటితో కడిగితే చాలు. అడుగు లోతు మట్టిలోని ఉప్పులో దాదాపు 80 శాతాన్ని అడుగు లోతు నీరు కిందికి దించుతుందని నీటిపారుదల ఇంజినీర్లు చాలాకాలంగా ఒక లెక్క చెబుతారు. ఏ వైద్యమైనా చివరికి ఒక ప్రశ్న దగ్గరే ఆగుతుంది. ఉప్పును మోసుకెళ్లే ఆ నీరు ఎటు పోవాలి?

ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేసి చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. తాగడానికి పనికొచ్చే కాలువ నీటిలో కూడా లీటరుకు 300 మిల్లీగ్రాముల వరకు లవణాలు ఉండవచ్చు. ఒక ఎకరానికి పంటకాలమంతా కలిపి మీటరు లోతు నీరు పెడితే, ఆ నీటితోపాటు 12 క్వింటాళ్ల ఉప్పు పొలంలోకి చేరుతుంది. వరికి తరచూ అంతకంటే ఎక్కువ నీరే పెడతారు. పైరు నీటిని తాగి ఆవిరి చేస్తుంది, ఉప్పును దాదాపు పూర్తిగా నేలలోనే వదిలేస్తుంది. పదేళ్లపాటు బయటికి దారి లేకుండా ఇలా నీరు పెడితే ఎకరంలో 12 టన్నుల ఉప్పు పోగవుతుంది. కాలువ ఊటతో నీటిమట్టం పైకి వచ్చి నేలకు మీటరున్నర లోతులో నిలిస్తే, అడుగున ఉన్న పాత ఉప్పు కూడా తడితోపాటు పైకి ఎగబాకుతుంది. వరి 3 డెసీసీమెన్ల దాకా తట్టుకుంటుంది. ఆ పైన పెరిగే ప్రతి యూనిట్‌కూ దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుంది. చెరకు ఇంకా సున్నితం, 1.7 దాటగానే తగ్గుముఖం పడుతుంది. పత్తి మాత్రం 7.7 దాకా ఓర్చుకుంటుంది.

ఉత్తరప్రదేశ్ చేసి చూపినది

గంగా మైదానంలో లక్షల ఎకరాల కారు చౌడు తరతరాలుగా బీడుగా పడి ఉండేది. గడ్డి కూడా సరిగా మొలవని ఆ నేలను ఊసర్ అంటారు. భూసంస్కరణల కాలంలో భూమి లేని పేదలకు, ఎక్కువగా దళిత కుటుంబాలకు, పట్టాలిచ్చినప్పుడు వాళ్లకు దక్కింది తరచూ ఈ నేలే. చేతిలో కాగితం ఉన్నా పొలంలో పైరు లేదు. 1978లో ఏర్పడిన రాష్ట్ర భూమి సుధార్ నిగమ్, 1993 నుంచి ప్రపంచబ్యాంకు రుణంతో హర్దోయ్, రాయ్‌బరేలీ, మైన్‌పురి, ఎటా వంటి జిల్లాల్లో ఈ భూములను బాగుచేసే పథకాన్ని చేపట్టింది. అది మూడు దశలుగా రెండు దశాబ్దాలకు పైగా సాగింది.

పథకంలో వాడిన సాంకేతికత కర్నాల్ పరిశోధకులు అంతకుముందే తేల్చినదే. పొలం చదును చేసి గట్లు వేయడం, ఎకరానికి నాలుగు నుంచి ఆరు టన్నుల జిప్సం పైమట్టిలో కలపడం, కొన్ని రోజులు నీరు నిలబెట్టి వదిలేయడం, వెంటనే వరి నాటడం, ఆ తర్వాత గోధుమ, వేసవిలో జీలుగ వేసి కలియదున్నడం. మొదటి పంటగా వరినే ఎంచుకోవడానికి కారణముంది. మడిలో నిలిచే నీరు సోడియాన్ని కిందికి దించుతుంది, వరి వేళ్లు మట్టిని కాస్త కాస్త తెరుస్తాయి. సీఎస్ఆర్ 10 వంటి చౌడు తట్టుకునే వరి రకాలు కూడా అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

ఈ పథకంలో కొత్తదనం దాన్ని అమలు చేసిన తీరులో ఉంది. ఊరిలో చౌడు భూములున్న రైతులందరితో ఒక అమలు కమిటీ ఏర్పడేది. దాని కింద సుమారు నాలుగు హెక్టార్లకు ఒక బోరు చొప్పున, ఆ బోరు కింది రైతులంతా ఒక నీటి బృందం. జిప్సం ఎవరికి ఎంత, బోరు ఎక్కడ, నీటి వంతు ఎవరిది, పొలాల మధ్య మురుగు బోదె ఎవరి గట్టు పక్క నుంచి తవ్వాలి అన్నవి ఆ బృందాలు కూర్చుని తేల్చుకునేవి. గట్లు వేయడం, పొలం కాలువలు తవ్వడం రైతుల శ్రమ. జిప్సం, పెద్ద మురుగు కాలువలు ప్రభుత్వ ఖర్చు. మహిళల పొదుపు బృందాలు కూడా ఇందులో భాగమయ్యాయి. ఉపగ్రహ చిత్రాలతో చౌడు ఉన్న చోట్లను గుర్తించి, గ్రామ పటంలోని సర్వే నంబర్లతో సరిచూసి, అసలు ఆ పట్టాదారు సాగులో ఉన్నాడా లేదా అని ముందే నిర్ధారించుకునేవారు. పేరుకే పట్టా ఉండి భూమి ఇంకొకరి స్వాధీనంలో ఉన్న చోట ఆ చిక్కు విడిపోకుండా జిప్సం పోసి లాభం లేదన్న ఎరుక ఈ పద్ధతిలో ఉంది. నేల బాగుచేతకు భూహక్కుతో ఉన్న ఈ ముడిని చాలా పథకాలు గుర్తించనే లేదు. దీన్ని ముందుగా పట్టుకోవడం ఆ పథకపు గొప్పతనం.

బీడు నేలలో వరి, గోధుమ రెండు పంటలు వచ్చాయి. కూలికి వలసపోయే కుటుంబాలకు సొంత గింజలు దొరికాయి. అయితే కొన్ని చోట్ల, ముఖ్యంగా శారదా సహాయక్ కాలువ ఊట ఎక్కువగా ఉన్న భాగాల్లో, బాగైన నేల కొన్నేళ్లకే మళ్లీ చౌడెక్కింది. అక్కడ నీటిమట్టం పైనే ఉంది, పెద్ద మురుగు కాలువలు పూడిపోయాయి. జిప్సం చేసిన పనిని నిలిచిన నీరు చెరిపేసింది. పొలం పక్క బోదెను బృందం చూసుకోగలిగింది కానీ పది ఊళ్ల నీటిని మోసే కాలువ ఏ ఒక్క బృందం చేతిలోనూ లేదు.

భూమి కింద గొట్టాలు, భూమి పైన సంఘాలు

కారు చౌడులో ఒక వెసులుబాటు ఉంది. బోరు, జిప్సం, గట్టు ఉంటే ఒక చిన్న కమతం కూడా ఎంతో కొంత బాగుపడుతుంది. నీటిమట్టం పైకి వచ్చి ఊబిగా మారిన తెల్ల చౌడులో ఆ అవకాశం లేదు. ఒక రైతు తన రెండెకరాల కింద నీటిమట్టాన్ని మాత్రమే దించలేడు. చుట్టుపక్కల పొలాల కింది నీరు అక్కడికే ఊరుతుంది. అలాంటి చోట్ల వాడే పద్ధతి భూగర్భ మురుగు గొట్టాలు. చిల్లులున్న ముడతల ప్లాస్టిక్ గొట్టాలను మీటరు నుంచి మీటరున్నర పైచిలుకు లోతులో, 30 నుంచి 60 మీటర్ల ఎడంలో, మట్టి చొరబడకుండా వడపోత గుడ్డ చుట్టి పాతుతారు. అవన్నీ ఒక పెద్ద గొట్టంలో కలుస్తాయి. ఆ నీరు వాలు ఉంటే మురుగు కాలువలోకి దానంతటదే పోతుంది, లేకపోతే ఒక బావిలోకి చేరితే మోటారుతో తోడిపోస్తారు. ఒక గొట్టం పది మంది పొలాల కింద నుంచి పోతుంది. వారిలో ఒక్కరు కాదన్నా గొట్టం ఆగిపోతుంది.

1990ల మధ్య నుంచి 2002 దాకా నెదర్లాండ్స్ సహకారంతో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, గుజరాత్, రాజస్థాన్, హర్యానాలలో రైతుల పొలాల్లోనే ఈ పద్ధతిని పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్‌లో బాపట్ల వ్యవసాయ పరిశోధకులు రెండు ఊళ్లను ఎంచుకున్నారు. ఒకటి నాగార్జునసాగర్ కుడి కాలువ కింద మార్టూరు మండలంలోని కోనంకి, రెండోది కృష్ణా పశ్చిమ డెల్టా శివారున ఉన్న ఉప్పుగుండూరు. దేశవ్యాప్తంగా ఈ ప్రయోగ క్షేత్రాల ఫలితాలను కలిపి చూస్తే చెరకు దిగుబడి సగటున 54 శాతం, పత్తి 64 శాతం, వరి 69 శాతం, గోధుమ 136 శాతం పెరిగాయి. గొట్టాలు లేని పొలాలతో పోలిస్తే నేలలో ఉప్పు సగానికి తగ్గింది. ఖర్చుకు తగ్గ ఫలితం వస్తుందని కూడా తేలింది.

ఇంత స్పష్టమైన ఫలితం వచ్చాక ఈ పద్ధతి కార్చిచ్చులా వ్యాపించి ఉండాలి. అలా జరగలేదు. ఎకరానికి అయ్యే పెట్టుబడి చిన్న రైతు సొంతంగా పెట్టలేనిది కావడం ఒక కారణం. నిర్వహణ అంతకంటే లోతైన కారణం. హర్యానాలో గోహానా, కలాయత్ ప్రాంతాల్లో ఒక్కో పంపు కింద ఉన్న రైతులతో ఒక్కో మురుగునీటి సంఘాన్ని ఏర్పరచి, గొట్టాల వ్యవస్థను వారికి అప్పగించారు. మోటారు నడపాలంటే డీజిల్ లేదా కరెంటు ఖర్చు. వేసవిలో నీటిమట్టం దిగువన ఉన్నప్పుడు మోటారు నడపవలసిన అవసరం ఎవరికీ తోచదు. ఉప్పు తగ్గి రెండు మంచి పంటలు వచ్చాక చందా కట్టడానికి ముందుకొచ్చేవారు తగ్గుతారు. ఇంకా పెద్ద చిక్కు పొలాల ఎత్తుపల్లాల్లో ఉంది. పల్లంలోని రైతుకు మురుగు పోవడం ప్రాణంతో సమానం. మెరకలో ఉన్న రైతుకు ఆ గొట్టంతో పెద్దగా పని లేదు, అయినా గొట్టం అతని పొలంలోంచే పోవాలి. పైగా మెరక పొలంలో అధికంగా పెట్టిన నీరే పల్లానికి ఊరుతుంది. నష్టం ఒకరిది, కారణం మరొకరిది. ఈ సంగతి తెలియని పల్లె ఉండదు, కానీ బయటికి మాట్లాడుకునే వేదిక మాత్రం చాలా ఊళ్లలో లేదు.

సముద్రం ఒక్కసారిగా మీద పడ్డ చోట పరిస్థితి వేరుగా ఉంటుంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో పొలాల మీద ఉప్పు నీరు నిలిచింది, సముద్రపు బురద మేట వేసింది. ఊళ్లు కలిసి ఆ బురదను ఎత్తివేశాయి, కాలువలు తెరిచాయి, జీలుగ చల్లి దున్నాయి. ఆ తర్వాతి వానలు ఉప్పును చాలావరకు కడిగేశాయి. ఉప్పెన ఉప్పు పైపైన ఉంటుంది, కిందికి దారి ఉంటే త్వరగా పోతుంది. మనుషుల వైపు నుంచి చూస్తే ఇంకో కారణమూ కనిపిస్తుంది. ఉప్పెన ఊరంతటినీ ఒకే రోజున ముంచింది కాబట్టి ఊరంతా ఒకే రోజున పనిలోకి దిగింది. కాలువ చౌడు అలా రాదు. ముందు అన్నిటికంటే పల్లంలోని మడి, రెండేళ్లకు దాని పక్క మడి, ఇంకో మూడేళ్లకు ఆ పై మడి. ప్రతి దశలోనూ నష్టపోయినవారు తక్కువ, ఇంకా నష్టపోనివారు ఎక్కువ. ఊరు కదిలేసరికి సగం ఆయకట్టు పాడై ఉంటుంది.

అందుకే మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా శిరోల్ ప్రాంతపు అనుభవం విలువైనది. కృష్ణా, పంచగంగ నదుల ఒడ్డున దశాబ్దాల చెరకు సాగుతో అక్కడి నల్లరేగడి పొలాలు చౌడెక్కాయి. శ్రీ దత్త సహకార చక్కెర కర్మాగారం చొరవతో గత దశాబ్దంలో రైతులు ఊరివారీగా జట్టుకట్టి భూగర్భ గొట్టాలు వేయించుకున్నారు. ఆ ఏర్పాటులో బలం కర్మాగారానికీ రైతుకూ మధ్య అప్పటికే ఉన్న లెక్కల సంబంధంలో ఉంది. సహకార బ్యాంకు రుణం ఇస్తుంది, బాకీ చెరకు బిల్లులోంచి తీరుతుంది. చందా అడగడానికి ఎవరూ ఎవరి గడపా తొక్కనక్కరలేదు. కర్మాగారానికి కూడా చెరకు పెరగడం అవసరమే. హర్యానా సంఘాలు ఒక్క మురుగు కోసమే కొత్తగా పుట్టాయి, అందుకే పథకం వెళ్లిపోగానే నీరసించాయి. శిరోల్‌లో మురుగు పని ఏడాది పొడవునా సజీవంగా ఉండే ఒక సంస్థ భుజాన పడింది. కొత్త కమిటీని పుట్టించడం కంటే ఊరిలో ఇప్పటికే డబ్బు, నమ్మకం నడిచే సంస్థకు ఈ బాధ్యత అప్పగించడం మేలని దీన్నిబట్టి గట్టిగానే చెప్పవచ్చు.

తుంగభద్ర నుంచి బందరు దాకా

తెలుగు రైతులకు ఈ కథలో కారకుల పాత్ర, బాధితుల పాత్ర రెండూ ఉన్నాయి. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట కింద కర్ణాటకలోని రాయచూరు, గంగావతి, సింధనూరు ప్రాంతాలకు కోస్తా జిల్లాల నుంచి వెళ్లిన రైతులు క్యాంపులు వేసుకుని స్థిరపడ్డారు. ఎంతో కష్టపడి బీడును మాగాణి చేశారు. అయితే ఆ ప్రాజెక్టు ఎక్కువగా ఆరుతడి పంటలకు కొద్దికొద్దిగా నీరందించేందుకు ఉద్దేశించినది. ఎగువన వరి విస్తరించడంతో దిగువ రైతుకు నీరు అందలేదు, ఎగువ పొలాల్లో నీటిమట్టం పెరిగి చౌడు పుట్టింది. నల్లరేగడిలో ఏటా రెండు వరి పంటలు వేస్తూ మురుగు దారి చూడకపోతే ఏమవుతుందో ఆ ఆయకట్టులో చాలా పొలాలు చూపిస్తున్నాయి. డెల్టా నుంచి వరి నైపుణ్యం వెళ్లింది, డెల్టాలో వరిని కాపాడే మురుగు కాలువల ఏర్పాటు మాత్రం దానితో వెళ్లలేదు.

ఆ ఏర్పాటు డెల్టాలో కూడా తగాదాలు లేకుండా రాలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల ముంపు సమస్యపై 1960లలో మిత్రా కమిటీ అధ్యయనం చేసి మురుగు కాలువలను విస్తరించాలని సిఫారసు చేసింది. ఆ ఖర్చు కోసం 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. పంట కాలువ నీటికి పన్ను కట్టడం రైతుకు అలవాటే, పోయే నీటికి పన్ను అంటే ఆనాడే వివాదమైంది. ఇప్పుడు ఆ డ్రెయిన్లను గుర్రపు డెక్క, తూటికాడ కమ్మేస్తున్నాయి. సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేటలు వేసి దారి మూస్తున్నాయి. బందరు, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు శివారు భూముల్లో ఇంకో బాధ ఉంది. పోటు సమయంలో ఉప్పు నీరు ఉప్పుటేరు గుండా, డ్రెయిన్ల గుండా వెనక్కి ఎగదన్నుతుంది. తలుపులు సరిగా లేని తూము ఉంటే నీటిని బయటికి పంపాల్సిన కాలువే ఉప్పును లోపలికి తెస్తుంది. పై నుంచి కాలువ నీరు సమయానికి రాని ఏడాది ఈ ఎదురుపోటు మరింత లోపలికి వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ పొలాల మీద సముద్రం నిలిచిన సంగతి ఆ ప్రాంతం మరవలేదు. ఏటా డ్రెయిన్ల గుండా చడీచప్పుడు లేకుండా వచ్చే ఉప్పును గురించి మాత్రం అంత చర్చ లేదు.

దీనికి తోడు చెరువులు. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. ఆ ఆదాయాన్ని తక్కువ చేసి చూడడం న్యాయం కాదు. అయితే వరి పొలాల నడుమ ఒకరు ఉప్పునీటి చెరువు తవ్వితే ఊట పక్క మడిలోకి దిగుతుంది, వదిలేసిన నీరు అందరి డ్రెయిన్‌లోకి, కొన్నిసార్లు పంట కాలువలోకి చేరుతుంది. రెండు మూడు పంటలు పోయాక పక్క రైతు కూడా చెరువు తవ్వుకుంటాడు, లేదా చెరువుకు లీజుకిస్తాడు. దీన్ని స్వచ్ఛంద మార్పుగా లెక్కల్లో రాసుకోవడం అన్యాయం. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కూడా వచ్చింది. ఊరి స్థాయిలో ఏ వైపు చెరువులు, ఏ వైపు వరి, మధ్యలో ఎంత ఎడం అని గీత గీసి నిలబడగలిగే చోటే వరి రైతుకు రక్షణ.

అలాంటి గీతను కాలంలో గీసుకున్న ప్రాంతం కేరళలో ఉంది. ఎర్నాకుళం చుట్టుపక్కల పొక్కాలి పొలాల్లో వానాకాలంలో ఉప్పు కడుక్కుపోయాక మట్టిదిబ్బల మీద పొడవాటి వరి పెంచుతారు. కోత తర్వాత తూములు తెరిచి పోటు నీటిని రానిచ్చి రొయ్యలు, చేపలు పడతారు. ఒక పంట వరి, ఒక పంట చేప అన్నది అక్కడి కట్టుబాటు. తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో పొలాల సమూహమంతా కలిసి నిర్ణయిస్తుంది. ఏడాదంతా రొయ్యలే పెంచాలన్న ఒత్తిడి అక్కడా ఉంది, కూలీల కొరతతో విస్తీర్ణమూ తగ్గింది. అయినా ఉప్పును పూర్తిగా తరిమేయలేని చోట కూడా ఒక సమష్టి క్రమంతో వరి నిలుస్తుందనడానికి ఆ పొలాలు సాక్ష్యం.

బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో ఇలాంటి క్రమమే భూమి కింద కూడా కావాలి. అక్కడ వాన నీరు ఉప్పు నీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. పూర్వం రైతులు దొరువులు, అంటే లోతు తక్కువ నీటి గుంటలు, తవ్వి ఆ పొరను కుండలతో పైపైన తోడుకుని కూరగాయలు, పూలతోటలు, నారుమళ్లు పెంచేవారు. మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే కింది ఉప్పు నీరు సుమారు 40 అడుగులు పైకి వస్తుందన్నది భూగర్భ జలశాస్త్రం చెప్పే సూత్రం. లోతైన బోరు వేసి గట్టిగా లాగిన ఒక్కరి వల్ల చుట్టుపక్కల దొరువులు ఉప్పెక్కుతాయి. బాపట్ల పరిశోధకులు గొట్టాలను పడుకోబెట్టి పైపొరను మాత్రమే నెమ్మదిగా తోడే మెరుగైన దొరువు పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతి నిలవాలన్నా పక్కవాడు లోతు బోరు వేయకూడదు.

పదకొండు నెలల కౌలు, మూడేళ్ల బాగుచేత

సమష్టి కృషి గురించి రాసేవారు తరచూ వదిలేసే సంగతి ఒకటి ఉంది. డెల్టాలో పొలం దున్నేవారిలో అత్యధికులు కౌలు రైతులు. చౌడు నేల ఒక్క పంటలో బాగుపడదు. మొదటి ఏడాది జిప్సం, పశువుల ఎరువు, జీలుగ, ముదురు నారు, కుదురుకు ఎక్కువ మొక్కలు, అదనపు నత్రజని, జింకు, ఇన్ని చేసినా వచ్చేది అరకొర పంటే. నేల గుణం నిలకడగా మారడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలు ఒప్పందం పదకొండు నెలలకు. రెండో ఏడాది ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు జిప్సం ఎందుకు పోయాలి? ఒకవేళ పోసి, నేల బాగుపడితే కౌలు పెరుగుతుంది. బాగుచేసిన శ్రమకు దక్కే ప్రతిఫలం ఎక్కువ అద్దె. భూ యజమాని పట్నంలోనో విదేశంలోనో ఉంటాడు, అతనికి మురుగు సంఘం సమావేశానికి రావలసిన పని లేదు. సంఘంలో ఓటున్నది పట్టాదారుకు, ఉప్పుతో కుస్తీ పడేది కౌలుదారు. ఈ ముడి విప్పకుండా డెల్టాలో జరిగే ఏ బాగుచేత కార్యక్రమమైనా సొంతంగా దున్నుకునే కొద్దిమందికే పరిమితమవుతుంది.

చౌడు భూమికి ప్రత్యేకంగా మూడు నుంచి ఐదేళ్ల కౌలు ఒప్పందం, ఆ కాలంలో అద్దె పెంచకూడదన్న షరతు, జిప్సం రాయితీ సాగుదారు పేరిటే ఇవ్వడం, ఇవి పెద్ద ఖర్చు లేని మార్పులు. పట్టా ఎవరిదో, సాగు ఎవరిదో తేల్చిన తర్వాతే జిప్సం పంపిణీ చేయడం ఉత్తరప్రదేశ్ మూడు దశాబ్దాల కిందటే పాటించిన పద్ధతి.

సంఘాల సంగతికి వస్తే తెలుగు రాష్ట్రాలు కొత్తగా ఏదీ పుట్టించనక్కరలేదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన రైతుల నీటి యాజమాన్య చట్టం దేశంలోనే మార్గదర్శకమైంది. ఆ చట్టం మురుగు వ్యవస్థ గురించి కూడా మాట్లాడుతుంది. ఆచరణలో మాత్రం ఆ చట్టం కింద ఏర్పడిన సాగునీటి సంఘాల దృష్టి అంతా కాలువ మరమ్మతు, వంతు, శివారుకు నీరు అన్నవాటి మీదే నిలిచింది. ఎన్నికలు ఏళ్ల తరబడి ఆగిపోవడంతో ఆ సంఘాలు కూడా నీరసించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగి కొత్త కమిటీలు వచ్చాయి. ప్రతి కమిటీ తన ఆయకట్టులో చౌడెక్కిన సర్వే నంబర్ల జాబితా, డ్రెయిన్ ఎక్కడ పూడిందో, ఏ తూముకు తలుపు లేదో చూపే పటం ఒక వేసవిలో తయారు చేసుకోగలదు. నమూనా మట్టికి వాహకత, ఉదజని సూచిక కొలవడానికి మండల స్థాయి భూసార పరీక్షలు సరిపోతాయి. గుర్రపు డెక్క తీయడం ఉపాధి హామీ పనుల్లో చేర్చవచ్చు. కౌలుదారులను ఓటు లేకపోయినా మురుగు పనుల ఉపసంఘంలో కూర్చోబెట్టడానికి తీర్మానం చాలు. కోనంకి, ఉప్పుగుండూరులలో గొట్టాల పద్ధతిని పరీక్షించిన పరిశోధకుల అనుభవం బాపట్లలో అందుబాటులోనే ఉంది. మొదటి జాబితా ఏ శివారు సంఘం నుంచి వస్తే, గొట్టాల ఖర్చులో ప్రభుత్వ వాటా ముందుగా ఆ సంఘానికే ఇవ్వడం సమంజసం.